ఆ రోజు కన్సోల్ లైను తెగలేదు

ఎవరైనా దయ్యాల సంగతులు ఎత్తితే మా అమ్మ వెంటనే మాట మార్చేసేది. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రిస్తారు, వాళ్ళకి మన వీధుల్లో తిరిగే పనేముంటుంది అనేది. నేనూ అదే నమ్మాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా కుడికాలు చచ్చుబడింది. బడికి వెళ్ళలేదు. అక్షరాలు అమ్మ నేర్పింది. అమ్మా నాన్నా పోయాక మిగతా చదువంతా మా అన్నయ్య ఆనందరావే చెప్పాడు. మాది దివిసీమ. బందరులో ఒక రొయ్యల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ఉద్యోగం దొరికితే నన్నూ తీసుకొచ్చేశాడు. ఆఫీసులో తీసేసిన కీబోర్డు ఒకటి ఇంటికి తెచ్చి, నా వేళ్ళు పట్టుకుని దాని మీద పెట్టి టైపు నేర్పాడు. ఆ విద్యతోనే ఇవాళ్టికీ అన్నం తింటున్నాను. దేవునికి స్తోత్రం.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఆ ఆఫీసులో ఒక పెద్ద కంప్యూటర్ ఉండేది. కృత్తివెన్ను చెరువుల నుంచి వచ్చే సరుకు దగ్గర్నుంచి పనివాళ్ళ జీతాల దాకా అన్నీ దాంట్లోనే. దానికి సొంత తెర లేదు. పక్కన ఒక మామూలు పీసీ పెట్టి, కేబుల్‌తో కలిపి, ఆ పీసీలోంచే అది చెయ్యి, ఇది చెయ్యి అని చెప్పాలి. ఆ పీసీనే కన్సోల్ అంటారు.

ఆ కన్సోల్ లైను ఊరికే తెగిపోయేది. విజయవాడ నుంచి ఇంజనీర్లు వచ్చి కేబుల్ మార్చారు, పీసీనే మార్చారు, పీసీ నిద్రపోకుండా ఉండే సెట్టింగులన్నీ పెట్టి వెళ్ళారు. మళ్ళీ తెగింది. చివరికి అన్నయ్యే ఒకటి కనిపెట్టాడు. కీబోర్డు ముట్టుకుంటూ ఉంటే తెగదు, వదిలేస్తే కాసేపటికే తెగుతుంది. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

షిఫ్ట్ కీ ఒక్కటీ నొక్కితే తెర మీద ఏ అక్షరమూ పడదు. అందుకని పెద్ద పనులు నడిచేటప్పుడు అన్నయ్య కుడిచేతి చిటికెన వేలితో దాన్ని టకటకా రెండుసార్లు నొక్కేవాడు. కాసేపు ఆగి మళ్ళీ రెండుసార్లు. పని పూర్తయ్యేదాకా అన్నానికి కూడా లేచేవాడు కాదు. స్టోర్సు చూసే సుబ్బారావు గారు ఆటపట్టించేవారు. "నీకింక పెళ్ళెందుకయ్యా! ఇది చంటిపిల్లకన్నా ఎక్కువ. జోకొట్టకపోతే ఊరుకోదు." అన్నయ్య నవ్వేసేవాడు. ఇంట్లో కంచం ముందు కూర్చున్నా ఆ వేలు అలవాటుగా రెండుసార్లు కదిలేది.

వేళకి తినకపోవడం వల్లనో ఏమో, కడుపులో పుండు పడింది. ఒకరోజు నెత్తురు కక్కుకుని పడిపోయాడు. ఆసుపత్రిలో చేర్చేసరికే తెలివి తప్పింది. ఆ వారమే ఆఫీసులో ఆ పెద్ద మిషన్ డిస్కు కూడా పోయింది. కొత్తది వేసి, టేపు మీద దాచి ఉంచిన లెక్కలన్నీ మళ్ళీ దాంట్లోకి ఎక్కించాలి. పగలంతా పట్టే పని. మధ్యలో కన్సోల్ తెగితే మళ్ళీ మొదటి నుంచీ. అన్నయ్య దగ్గర చూసి నేర్చుకున్న పాటి పనితో సుబ్బారావు గారే పొద్దున్నే దాన్ని మొదలుపెట్టి, షిఫ్ట్ నొక్కుతూ కూర్చున్నారట.

అంతలో డాక్టరు గారు ఇంకా రక్తం కావాలన్నారు. సుబ్బారావు గారిదీ అదే గ్రూపు. నేను ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆయన గదికి తాళం వేసి, స్కూటరు మీద వచ్చేశారు. మిషన్ సంగతేమిటని అడిగాను.

"ఈపాటికి తెగే ఉంటుందమ్మా. తెగితే తెగనీ, రేపు మళ్ళీ మొదలెడతా. మనిషి ముఖ్యం గానీ" అన్నారు.

రక్తం ఇచ్చాక కూడా వెళ్ళలేదు, నాతోనే ఉండిపోయారు. గది తాళంచెవి ఆయన చొక్కా జేబులోనే ఉంది. రెండో తాళంచెవి విజయవాడలో ఓనరు గారి దగ్గర.

ఆయన వచ్చాకే నేను గమనించాను. అన్నయ్య కుడిచేతి చిటికెన వేలు దుప్పటి మీద రెండుసార్లు కదిలింది. ఆగింది. మళ్ళీ రెండుసార్లు. నరాల అదురుపాటు, అలా ఉంటుందిలే అంది నర్సు. సుబ్బారావు గారు చూసి, "ఇక్కడ కూడానా ఆనందరావూ! డ్యూటీ దిగవయ్యా బాబూ" అని నవ్వబోయి, కండువాతో కళ్ళు ఒత్తుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఉత్త దుప్పటి మీద కొట్టుకోవడం చూడలేక ఆ వేలి కింద నా అరచెయ్యి పెట్టాను. పగలంతా అలాగే ఉన్నాను. ఒక్కసారి కళ్ళు తెరిపించు ప్రభువా, ఒక్కసారి 'చిట్టీ' అని పిలిపించు, ఇంకేమీ అడగను అని మొరపెట్టుకున్నాను. వేలు మాత్రం దాని పద్ధతిన అది కదులుతూనే ఉంది.

పొద్దు వాలే వేళకి ఆగిపోయింది. ప్రాణం ఇంకా ఉంది, ఊపిరి ఆడుతోంది. వేలు మాత్రం మళ్ళీ కదల్లేదు. దీపాలు పెట్టే వేళకి అన్నయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఓనరు గారికి ఫోన్ చేయడానికి సుబ్బారావు గారు ఆఫీసుకి వెళ్ళి తాళం తీశారు. తెర వెలుగుతోంది. లైను తెగలేదు. టేపు పని మొత్తం పూర్తయినట్టు తెర మీద ఉంది. పూర్తయిన టైము చూస్తే, ఇంచుమించు అన్నయ్య వేలు ఆగిన వేళే. ఆయన ఆ సంగతి వెంటనే చెప్పలేదు. దివిసీమలో మట్టి చేసి, ఆదరణ కూడిక అయ్యాక చెప్పారు.

నేను నమ్మలేదు. అన్నయ్య సామాన్లు తెచ్చుకోవడానికి ఆఫీసుకి వెళ్ళినప్పుడు, నా కళ్ళ ముందు చూపించమన్నాను. ఆయన లైను కలిపారు. ఇద్దరం చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాం. కాసేపటికే తెగిపోయింది. మళ్ళీ కలిపారు. మళ్ళీ తెగింది. తర్వాత విజయవాడ ఇంజనీరు వచ్చి చూసినా అంతే. పగలంతా ఎవరూ ముట్టుకోకుండా నిలవడం జరగని పని, మీలో ఎవరో లోపలికి వెళ్ళే ఉంటారు అన్నాడట.

దయ్యం అందామంటే, అప్పటికి అన్నయ్య బతికే ఉన్నాడు. నా అరచేతిలోనే ఉన్నాడు. మా పాస్టరు గారికి చెబితే, ప్రార్థన చేద్దామమ్మా అన్నారు.

నేను ప్రతిదానికీ స్తోత్రం చెప్పుకునే మనిషిని. రక్తమిచ్చిన సుబ్బారావు గారి కోసం, చివరిదాకా ఆ చెయ్యి పట్టుకోనిచ్చినందుకు రోజూ చెప్పుకుంటాను. ఆ రోజు ఆఫీసులో జరిగిన దానికి మాత్రం నోరు రాదు. మూసి ఉన్న గదిలో మిషన్‌ని పగలంతా నిలబెట్టేంత బలం అన్నయ్యలో ఉందనే అనుకుందాం. పక్కన కూర్చున్న నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలవడానికి ఎందుకు చాలలేదు?