బంగారం దోహాకు తిరిగొచ్చిన విధం

పాప పుట్టాక నేను దేశాల్లా ఆలోచించడం మొదలుపెట్టాను. అర్థశాస్త్రంలో పి.జి. చేసిన మనిషి దోహాలో, అల్ హిలాల్‌లోని ఫ్లాట్‌లో పసిపిల్లతో పగలంతా ఒక్కతే ఉంటే భయాలు ఆ దారినే వస్తాయి.

క్లాసులో చెప్పింది ఇంతే: అభివృద్ధి చెందుతున్న దేశాలు గట్టిగా దెబ్బతిన్నాకే డాలర్లూ బంగారమూ కూడబెట్టడం నేర్చుకున్నాయి. మన దేశం కూడా ఒకప్పుడు బంగారాన్ని విమానమెక్కించి పరాయి చోట తాకట్టు పెట్టింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి నిల్వలు పెంచుకుంటూ వచ్చింది. దిగుమతులు ఆగకుండా ఎన్ని నెలలు నెట్టుకురాగలమన్నది ఒక కొలత. ఎన్ని నెలలకు సరిపోతే చాలో పుస్తకంలో రాసి ఉంది గానీ, ఒకసారి భయపడ్డ దేశాలు ఆ గీత దగ్గర ఆగినట్టు కనిపించదు. మా ఇంటి దిగుమతులు అద్దె, పాలడబ్బాలు, డైపర్లు, పాప జ్వరం మందు. నేనూ గీత దగ్గర ఆగలేదు. మంచం కింద డైపర్లు ఇప్పుడున్న సైజువే కాదు, తర్వాతి సైజువి కూడా ఉన్నాయి.

డాలర్ల పని మా ఆయన జీతం చేసేది. ఆయనది వెస్ట్ బేలో ఆఫీసు ఉద్యోగం. బంగారం సంగతి నేను చూసుకునేదాన్ని. చేతిలో కాస్త మిగిలినప్పుడల్లా ఇక్కడి బంగారం బజారు సూక్‌కు వెళ్ళి ఒక గాజో, సన్నటి గొలుసో కొనేవాళ్ళం. సెలవులకు వెళ్ళినప్పుడు అది నా ఒంటి మీద పశ్చిమ గోదావరి చేరి, అమ్మకూ నాకూ కలిపి ఉన్న బ్యాంకు లాకర్లోకి పోయేది. ఇక్కడ నాకు తెలిసిన తెలుగువాళ్ళు చాలామంది ఇదే చేస్తారు. దోహాలో దొంగల భయం ఉండి కాదు. బంగారం ఊళ్ళో ఉంటేనే ఉన్నట్టు. కొన్ని దేశాలు తమ బంగారాన్ని వేరే దేశాల నేలమాళిగల్లో దాచుకుంటాయని చదివిన రోజున మాత్రం నాకు నవ్వొచ్చింది.

ఈ ఏడాది మా ఆయన ప్రాజెక్టు అయిపోయింది. కొత్త కంపెనీ మాట ఇచ్చింది, కాగితం ఇవ్వలేదు. వీసా మారేదాకా జీతం ఉండదు. ఈ సంగతంతా ఆయన పెరుగన్నం కలుపుకుంటూ చెప్పాడు.

"నువ్వూ పాపా కొన్నాళ్ళు ఊరెళ్ళండి. నేను అల్ రయ్యాన్‌లో బెడ్ స్పేస్ చూసుకుంటాను."

బెడ్ స్పేస్ అంటే నలుగురైదుగురు ఉండే గదిలో ఒక మంచం. నాకు భయం వేసింది మంచానికి కాదు, కొన్నాళ్ళు అన్న మాటకు. మా శుక్రవారం ప్రార్థన కూటంలో ఒక సిస్టర్ ఇలాగే కొన్నాళ్ళకని వెళ్ళింది. ఆమె కొడుకు అక్కడే బడిలో చేరాడు. నాన్న ఏడిరా అంటే ఫోన్ తెచ్చి చూపిస్తాడట. కూటంలో ఈ మాట చెప్పుకుని అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఇంటికొచ్చి పాపను ఎత్తుకుని కూర్చున్నాను.

లాకర్లో ఉన్నది కొంత అమ్మితే ముగ్గురం ఇక్కడే గడిపేయొచ్చు. అమ్మకు ఫోన్ చేశాను. ఆమె ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ మధ్యలో మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుతుంది.

"ఎవరికి అమ్మమంటావే? బంగారం కొట్టాయన జబ్బు చేసి ఉన్నది నా వార్డులోనే. సాయంత్రానికల్లా అల్లుడి ఉద్యోగం పోయిందని చర్చి అంతా తెలిసిపోద్ది."

"పోలేదమ్మా, మారుతోంది."

"గాజులమ్మితే పోయిందనే అంటారు."

నిల్వ తగ్గడం కంటే తగ్గిందన్న వార్తే ఎక్కువ చేటని మా పుస్తకంలోనూ ఉంది. అందుకే వాదించలేకపోయాను. పోనీ రాజమండ్రిలో అమ్మమన్నాను. అక్కడ మా పిన్ని ఉందట. ఈ మధ్య కొన్ని దేశాలు బయట దాచిన బంగారాన్ని వెనక్కి తెచ్చుకుంటున్నాయని కూడా చెప్పి చూశాను.

"ఆ దేశాలకి అమ్మలు లేరు కాబోలు," అని ఫోన్ పెట్టేసింది.

ఆ వారంలో మా ఆయన అల్ రయ్యాన్ వెళ్ళి మంచం చూసి వచ్చాడు. గాలి బాగా వస్తుందన్నాడు. నేను సూట్‌కేసు దించి తుడిచాను. పాప అందులో ఎక్కి కూర్చుంది.

తర్వాత అమ్మే ఫోన్ చేసి, సెలవు పెట్టానని, వస్తున్నానని చెప్పింది. ఎందుకో చెప్పలేదు. ఎయిర్‌పోర్టు బయట ఎండ మాడుతుంటే నిండు చేతుల స్వెటరుతో వచ్చింది. స్వెటరు కింద మా నిల్వలన్నీ ఉన్నాయి. చప్పుడు కాకుండా గాజుల మధ్య దూది పెట్టుకుంది, నర్సు కదా. సూక్ బిల్లులన్నీ బ్యాగులో ఉన్నాయి. దారిలో ఎవరైనా అడుగుతారేమోనని సిద్ధంగా ఉందట. ఎవరూ అడగనందుకు కొంచెం నొచ్చుకుంది.

మర్నాడు మేము కొన్న వీధిలోనే అమ్మాం. ధర బాగా పెరగడంతో అనుకున్నదానికంటే తక్కువ వస్తువులతోనే పని జరిగింది. మా ప్రమేయం లేకుండానే నిల్వల విలువ పెరిగింది. కేంద్ర బ్యాంకులు కూడా దీన్ని తమ ప్రతిభ అని చెప్పుకోవు, కాదని కూడా అనవు.

"మరి వచ్చే పెళ్ళిళ్ళలో నా చేతులు చూసి అడిగితే?" అన్నాను, బయటికొచ్చాక.

"ఇవే నమూనాలో చిలకలపూడి నుంచి రోల్డ్ గోల్డు తెప్పించి లాకర్లో పెట్టొచ్చాను. బ్యాంకు వాళ్ళు గీకి చూస్తారేంటి?"

నకిలీ నగలకు లాకరు అద్దె దేనికని మా ఆయన అడిగాడు. లాకరు వదిలేస్తే బ్యాంకులో క్లర్కుకి తెలుస్తుంది, ఆ క్లర్కుది మా చర్చే అని అమ్మ చెప్పింది.

ఆ సాయంత్రం మా ఆయన బెడ్ స్పేస్ చూపించిన అన్నకు, రావడం లేదని ఫోన్ చేశాడు. ఆ అన్న జగిత్యాల వైపు మనిషి.

"మంచిగైంది తమ్మీ. పిల్లను ఇడిసిపెట్టి ఉండుడు మస్తు కష్టం. ఈ బెడ్డుకు ఇంకో ఇద్దరు అడుగుతున్నరు తియ్."

అమ్మ వెళ్ళిపోయింది. కొత్త కంపెనీ కాగితం ఇంకా రాలేదు. దాని కోసం ముగ్గురం ఒకే ఇంట్లో ఎదురుచూస్తున్నాం.