మునగ కొమ్మ ప్రశ్న

నేను జీవశాస్త్రం టీచర్ని. పనిచేసేది చల్లపల్లి దగ్గర హైస్కూల్లో, ఉండేది విజయవాడలో. పొద్దున్నే బస్సు, సాయంత్రం మళ్లీ బస్సు. నేను చదివిందీ, ఇన్నేళ్లు చెప్పిందీ తెలుగులోనే. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. నేను మాత్రం ఆ ఎదురు పేజీలోనే మాట్లాడాలి.

వేర్ల పాఠమంటే నాకిష్టం. వేరు లేకపోతే మొక్క బతకదు అనగానే ఏటా ఎవరో ఒకరు లేచి, మరి మునగ కొమ్మ గుచ్చితే చిగురేస్తుంది కదండీ అని నిలదీసేవారు. పెరట్లో మునగ కొమ్మ పాతని ఇల్లు లేదిక్కడ. ఇక ఆ పీరియడంతా గొడవే. ఎంత అలిసిపోయినా నన్ను ఈ ఉద్యోగంలో నిలబెట్టింది ఆ గొడవే.

ఈ ఏడాది సరిగ్గా ఆ పాఠానికే పైఅధికారి వచ్చి కూర్చుంటారని హెడ్మాస్టరు గారు చెప్పారు. నాకు కంగారు పట్టుకుంది. సైన్సంతా 'అయితే', 'లేకపోతే' మీదే నడుస్తుంది. ఇంగ్లీషులో నేను తడబడేదీ అక్కడే. మా ఇంగ్లీషు మాస్టారు కూడా అదే బస్సులో వస్తారు. ఆయన్ని బతిమాలి దారి పొడుగునా చెప్పించుకున్నాను.

నీళ్లు వేడిచేస్తే మరుగుతాయి అన్నప్పుడు రెండు క్రియలూ వర్తమానంలోనే ఉంటాయట. రేపు వానొస్తే సెలవిస్తారు అంటే రెండో సగంలో విల్ రావాలట. నాకు కారుంటే ఈ బస్సెక్కను అంటే మాత్రం భూతకాలం, వుడ్. కారు లేనిది ఇవాళైతే నిన్నటి క్రియ ఎందుకండీ అని విసుక్కున్నాను.

"మాట నిజానికి దూరమయ్యేకొద్దీ క్రియ వెనక్కి నడుస్తుందండీ" అన్నారాయన ఓపిగ్గా.

ఉయ్యూరులో అర్థమైంది కంకిపాడు వచ్చేసరికి మర్చిపోయేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. ఎనిమిదో తరగతి. "ఇఫ్ ఎ ప్లాంట్ హాడ్ నో రూట్స్, ఇట్ వుడ్ డై" అన్నాను, ఒక్క తప్పూ దొర్లకుండా. పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. కాసేపు ఆగాను. ఎవరూ లేవలేదు. ఎనీ డౌట్స్ అంటే, నో మేడమ్ అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. అధికారి గారు బాగా మెచ్చుకున్నారు. హెడ్మాస్టరు గారు టీ తెప్పించారు. నేను సగం తాగి వదిలేశాను.

సాయంత్రం గేటు దగ్గర ఆ తరగతి అమ్మాయి ఒకతి సైకిలు దిగి నా పక్కన నడిచింది.

"మేడమ్, మునగ కొమ్మకి వేరు లేకపోయినా బతుకుతుంది కదండీ?" అంది మెల్లగా.

నాకు ప్రాణం లేచొచ్చింది. క్లాసులో అడగలేదేం అన్నాను.

"ఇంగ్లీషులో ఎలా అడగాలో తెలీలేదండీ."

రేపు తెలుగులోనే అడగమన్నాను, అందరి ముందూ. నేనూ తెలుగులోనే చెబుతానన్నాను. సరేనని తలూపి సైకిలెక్కింది. బస్సులో ఆ సాయంత్రం మాస్టారి పక్కన కూర్చోలేదు. కిటికీకి తల ఆనించి నిద్రపోయాను.

మర్నాడు పాఠం మొదలుపెట్టకుండా ఆ పిల్ల వైపే చూస్తూ నిలబడ్డాను. తను తల వంచుకుని, పుస్తకంలో ఇంగ్లీషు పేజీ చూస్తూ కూర్చుంది.