గంప నిండితే ఇంటికి

పులివెందుల దగ్గరి మా వేరుశనగ చేలో చెనిక్కాయలు తెంపే రోజుల్లో, గంప నిండగానే మా అత్త దాన్ని నెత్తికెత్తుకుని ఇంటికి నడిచేది. తక్కిన చేలవాళ్లు కాయలన్నీ చేలోనే కుప్ప పోసుకునేవాళ్లు.

"ఏందక్కా, కాళ్లు అరిగిపోవా? అంతా అయినంక ఒకే తూరి బండికెత్తొచ్చు గదా!" అని పక్కచేను ఆయన నవ్వేవాడు.

"బండొచ్చేదాకా మబ్బు ఆగుతాదా అప్పా?" అనేది, నడక ఆపకుండానే.

ఆ ఏడు పంట అంతంతమాత్రమే. మరుసటి ఏటి విత్తనానికి ఆ కాయలే దిక్కు. ఒక మధ్యాహ్నం ఉరుములు మొదలవగానే అందరం చేలోని గుడిసెలోకి పరుగెత్తాం. అత్త మాత్రం చేలో మిగిలిన గంప కోసం వెనక్కి తిరిగింది.

"సగం గంపే గదత్తా, పోనీలే!" అని చెయ్యి పట్టుకున్నాను.

"సగమైతే మాత్రం, విత్తనం గాదా పాపా?" అని విడిపించుకుని పోయింది.

పిడుగు పడింది. మేం చేరేసరికి గంప ఆమె పక్కన బోర్లా పడి ఉంది.

ముసురు పట్టి చేలల్లో కుప్పలన్నీ మొలకలొచ్చి కుళ్లిపోయాయి. ఆమె మోసిన కాయలు మాత్రం మా ఇంట్లో పొడిగా ఉన్నాయి. దేవుడికి దండం పెట్టుకుని, ఆమెను తలుచుకుని, అడిగినవాళ్లందరికీ విత్తనం పంచాను. పక్కచేను ఆయన కూడా వచ్చి తువ్వాలు పట్టాడు.

మరుసటి ఏడు గంప నిండగానే ఆయనే మొదట లేచి ఇంటికి మోశాడు. ఎవరూ నవ్వలేదు. ఉరిమితే మాత్రం, సగం గంపను అందరం అక్కడే వదిలేస్తాం.