దిష్టి తగిలే బండి

విలేకరిగా రిటైరయ్యాక నేను కొన్న కొత్త స్కూటర్ నెల తిరక్కుండానే దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. ఎప్పుడు తీసుకెళ్ళినా అమలాపురం షోరూం మేనేజరు, "దిష్టండీ, నిమ్మకాయలు కట్టండి" అనేవాడు. కట్టాం.

ఒక ఉదయం పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదున్న అక్విడెక్టు వంతెన మధ్యలో బండి ఠక్కున ఆగింది. వెనక వస్తున్న లారీ, వెనక సీట్లో కూర్చున్న నా భార్య మోకాలిని రాసుకుంటూ పోయింది.

బండిని ఆటోట్రక్కులో వేయించి షోరూంకు వెళ్ళాం. అక్కడ ఒక కుటుంబం కొత్త బండికి పూజ చేయిస్తోంది.

"నిమ్మకాయలు కట్టేరా అండీ?" అన్నాడు మేనేజరు.

"ఆయ్, కట్టేమండీ! దిష్టి తగిలే బండి మాకొద్దు. మార్చి ఇత్తారా, వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళమంటారా?" అంది నా భార్య.

పూజ ఆగింది. ఆ కుటుంబ పెద్ద తమ కొత్త బండి తాళం బల్ల మీద పెట్టేసి, "ముందు అమ్మగారి సంగతి చూడండి" అన్నాడు.

బండి మారింది. అయినా అక్విడెక్టు మీద వెనక హారన్ వినబడితే, ఆమె చెయ్యి ఇప్పటికీ నా చొక్కాను గట్టిగా పట్టుకుంటుంది.