ఆఁ బాబాయి

షెడ్డులో కుర్రాళ్ళు ఆయనకి పెట్టిన పేరు ఆఁ బాబాయి. ఎవరేమడిగినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే. చాలాసార్లు ఆఖరి మాటా అదే. బతుకంతా పవర్‌లూమ్ షెడ్డులో, మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. ఆ మోతలో పనిచేసేవాళ్ళంతా పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంటారు, గేటు దాటాక మళ్ళీ చెవులతో పని మొదలుపెడతారు. ఆయనకి ఆ రెండోది కుదరలేదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా అదే దారిలో ఉంది.

పోతే పోయింది, ఆ ముక్క నలుగురికీ చెప్పేస్తే సరిపోయేది. అదే ఆయనకి చేతకాలేదు. వాళ్ళ నాన్న చెవిటివాడు. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ ముసలాయన ఎదురుగానే ఆయన్ని ఆడిపోసుకుని, ఆయన కూడా ఏదో జోకు కాబోలనుకుని నవ్వుతుంటే ఇంకా నవ్వేవాళ్ళు. చిన్నప్పుడు గుమ్మం పక్కన నిలబడి అదంతా చూసినవాడు, చచ్చినా చెవిటివాడు అనిపించుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. పరువు అనుకున్నాడు పాపం. పరువు కాదు, భయం.

అందుకని ఒక విద్య నేర్చాడు. మన మాటలో ఆఁ అనేది సాగదీసి పైకెత్తితే ‘ఏమన్నావు?’ అని. పొట్టిగా కిందికి దించితే ‘సరే’ అని. ఆయన ఎత్తకుండా, దించకుండా, నడిమధ్య ఒక ఆఁ తయారుచేసుకున్నాడు. అడిగినవాడు తనకి కావలసిన అర్థం తీసుకుని వెళ్ళిపోతాడు. ఆ ఒక్క ముక్కతో ఎవరూ చెయ్యనన్న రాత్రి షిఫ్టుకి ఒప్పుకున్నాడు. తోడల్లుడి తుక్కు సైకిలు ఇంటికి తెచ్చుకున్నాడు. కూతురు దూరపు ఊళ్ళో ఉద్యోగానికి వెళ్తానంటే, అడిగిందేమిటో తెలియకుండానే ఒప్పేసుకుని, ఇలాంటి తండ్రి ఎవరికుంటాడని పొగిడించుకున్నాడు కూడా.

అసలు సంగతి భార్య ఒక్కదానికే తెలుసు. ఆవిడది బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చదివే ఉద్యోగం. ఊరంతా ఆవిడ గొంతు వినే బస్సులెక్కింది. మొగుడికి మాత్రం ఆ గొంతు సగమే అందేది. నలుగురిలోకి వెళ్తే ఆవిడ ఎప్పుడూ ఆయన కుడిపక్కనే నడిచేది. అవును అనాల్సి వస్తే మోచేతి మీద తట్టేది, కాదనాల్సి వస్తే గిల్లేది. ఆ తట్టుళ్ళ, గిల్లుళ్ళ పుణ్యమా అని సంసారం గట్టెక్కింది.

ఇద్దరూ రిటైరయ్యాక ఆవిడ కోరిన కోరిక ఒక్కటే. సముద్రం వెంబడి, వీపున సంచులతో, ఒక బస నుంచి ఇంకో బసకి నాలుగు రోజులు నడవాలి. ఆ దారి మొదలయ్యే చోటికి వెళ్ళే బస్సు పేరు ఇన్నేళ్ళూ మైకులో చదివింది. ఎక్కింది మాత్రం లేదు.

మొదటిరోజు బస్సు దిగగానే అక్కడి గదిలో కాపలాదారు ఒక హెచ్చరిక చేశాడు. ఆవిడ అది శ్రద్ధగా విని, మొగుడి మొహానికెదురుగా నిలబడి, మైకులో చదివినట్టు విడమర్చి చెప్పింది. “రాళ్ళదారి దిగితే ఇసుక మేట వస్తుందిట. దాని చివర వాగు. వాగు అవతల మన మొదటి బస. పోటొచ్చిందంటే మేట మునిగిపోతుందిట, వెనక రాళ్ళదారి కూడా మూసుకుపోతుందిట. సాయంత్రంలోపు దాటెయ్యాలి. తెలిసిందా?”

“తెలిసింది,” అన్నాడాయన. ఆ ఒక్కటీ నిజంగానే తెలిసింది.

పొద్దుట ఇసుకలో పక్కపక్కనే హాయిగా నడిచారు. మధ్యాహ్నం దాటాక ఆకాశం ముసురేసింది. రాళ్ళదారి మొదలయ్యాక ఒకరి వెనక ఒకరు నడవక తప్పలేదు. ఆయన ముందు, ఆవిడ వెనక. కొత్త బూట్లు ఆవిడ మడమ కొరికేస్తున్నాయి. ఆయన మోచెయ్యి ఆవిడకి అందే దూరంలో లేదు.

ఒకచోట ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ చాలా వెనక, ఒక బండకి ఆనుకుని, కాలు చూపిస్తూ ఏదో అంటోంది. గాలి ఆ మాటల్ని సముద్రం మీదికి ఎత్తుకుపోయింది. ‘కాలి’ అన్నది పెదవుల్లో కనపడింది, చివర ‘గా’ అన్నది చెవికి తగిలింది. కాలు నొప్పి, అయినా వస్తున్నానుగా అంటోందని ఆయన అతికించుకున్నాడు. అలా అతికించుకోవడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

ఆవిడ అన్నది, “కాలికి కట్టు కట్టుకునేదాకా ఆగుతారుగా?” అని.

“ఆఁ!” అని గట్టిగా అరిచాడు.

ఎన్నేళ్ళు కాపురం చేసినా, అంత దూరం నుంచి, ఆ గాలిలో, అది ఏ ఆఁ అన్నది ఆవిడ మాత్రం ఎలా పోల్చుకుంటుంది? ఆగుతారన్న ధీమాతో బూటు విప్పుకుని కూర్చుంది. ఆయన పోటు గుర్తొచ్చి గబగబా నడిచాడు. దారి మలుపు తిరిగింది. తర్వాత ఒకసారి వెనక్కి చూస్తే బండలే కనపడ్డాయి. వస్తూ ఉంటుందిలే అనుకున్నాడు.

మేట చివర వాగు అప్పటికే నడుముదాకా ఉంది. అవతలి బస చూసుకునే కాపరి పడవ వేసుకొచ్చి ఆయన్ని ఎక్కించుకున్నాడు. చలిగాలికి ముక్కుదాకా మఫ్లర్ చుట్టుకున్నాడు ఆ మనిషి. పెదవులు లేవు, కళ్ళే ఉన్నాయి. అవతలి గట్టు తగిలాక కాపరి మేటవైపు గడ్డం ఎత్తి ఏదో అడిగాడు. వెనక ఎవరైనా వస్తున్నారా అని కాక ఇంకేం అడుగుతాడు?

“ఆఁ,” అన్నాడాయన. ఈసారి మనస్ఫూర్తిగా అవుననే అన్నాడు.

కాపరి అడిగింది, “వెనకాల ఇంకెవరూ లేరుగా, పడవ లాగేస్తాను?” అని.

బసలో ఒకటే గది. గోడకి మంచాలు, మూల స్టవ్వు, కొండవైపు కిటికీ. ఆయన పొడిగా ఉన్న మంచం చూసి దాని మీద తన దుప్పటి కూడా పరిచాడు, ఆవిడకి చలెక్కువ. టీ కాచి రెండు కప్పుల్లో పోశాడు. ఆవిడ కప్పు చల్లారిపోకుండా మూత పెట్టి, బండల మీద అంత ముందుకి వచ్చేసినందుకు పడబోయే తిట్లు తలుచుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

పడవని షెడ్డులోకి చేర్చి, కాపరి తడిసిన మఫ్లర్ విప్పుకుంటూ లోపలికొచ్చాడు. “చల్లగా ఉండండి పెద్దాయనా,” అంటూ ఆ రెండో కప్పు ఎత్తుకున్నాడు.

“అయ్యో, అది మా ఆవిడకండీ. మీకు వేరే పెడతాను.”

కప్పు కాపరి నోటి దగ్గరే ఆగిపోయింది. “మీ ఆవిడా? ఎక్కడ?”

“వెనకాల వస్తోంది. ఇందాక మీరడిగితే చెప్పాగా.”

“ఎవరూ లేరుగా అంటే ఆఁ అన్నారు కదండీ!”

ఇప్పుడు పెదవులు కనపడుతున్నాయి. ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు.

ఇద్దరూ చేతులు చీరుకుపోయేలా పడవని మళ్ళీ నీళ్ళలోకి ఈడ్చారు. వెలుతురు పోతోంది. ఇసుక మేట ఉండాల్సిన చోట మేట లేదు, నురగే ఉంది. కాపరి మఫ్లర్ మళ్ళీ బిగించబోయి, ఒక్క క్షణం ఆగి చెప్పాడు. “తెడ్ల చప్పుడులో నాకు తెలీదు. మీరు ముందు కూర్చుని వినండి. పిలుపు ఎటునుంచి వస్తే అటు చెయ్యి చూపించండి.”

ఆఁ అనబోయాడు. మింగేశాడు.

“నాకు వినపడదు,” అన్నాడు. చెవిటివాళ్ళు అన్నట్టే, అక్కర్లేనంత గట్టిగా అన్నాడు. “నాకు చెవుడండీ. నాకేం వినపడదు.”

కాపరి ఆయన్ని ఎగాదిగా చూశాడు. తిట్టడానికి టైము లేదు. తెడ్లు ఆయన చేతికిచ్చి, టార్చి పట్టుకుని ముందుకెళ్ళి నిలబడ్డాడు.

మగ్గం తప్ప ఇంకోటి ఆడించి ఎరగని చేతులు ఆ తెడ్లు ఎలా వేశాయో ఆయనకే తెలీదు. తలతిప్పి కాపరి చెయ్యి వంకే చూస్తున్నాడు. చెయ్యి లేచింది, ఎడమకి చూపించింది. ఆయన ఏడుస్తూ ఎడమకి లాగాడు. బతికే ఉంది, పిలుస్తోంది! ఊరంతటినీ బస్సులెక్కించిన గొంతు, అదెక్కడికి పోతుంది? చెయ్యి ఇంకొంచెం పక్కకి జరిగింది. ఆయన అటు తిప్పాడు. అల ఒకటి పడవని ఎత్తి పడేసింది. చెయ్యి అలాగే ఉంది.

తర్వాత మెల్లిగా కిందికి దిగింది.

కాపరి చాలాసేపు అటే చెవి పెట్టి నిలబడ్డాడు. ఇటు తిరిగి, మఫ్లర్ చాటు నుంచి ఏదో అన్నాడు.

“వినపడలేదండీ,” అన్నాడాయన. “మళ్ళీ చెప్పండి.” జన్మలో ఆ మాట అనడం ఆయనకదే మొదలు.

కాపరి మఫ్లర్ కిందికి లాక్కున్నాడు. టార్చి తన మొహం మీదికి తిప్పుకుని, ఒక్కో మాటా విడివిడిగా పలికాడు.

“ఆవిడ పిలవడం ఆగిపోయింది.”

ఆయన తల ఊపాడు. ఎటో తెలియకపోయినా తెడ్లు వేస్తూనే ఉన్నాడు.