మోచేతి మడతలో కుంకుమ

నిన్న పొద్దున వంటగట్టు తుడిచిన గుడ్డను సబ్బు నీళ్లలో వేశాను. దాని మీద పసుపు మరక ఉన్న సంగతి చూసుకోలేదు. సబ్బు తగలగానే మరక ఎర్రగా తిరిగింది. పక్కనే పులిహోరకు పిండి పారేసిన నిమ్మతొక్కలు ఉన్నాయి. కంటికి ఆ ఎరుపు, ముక్కుకు ఈ నిమ్మ వాసన ఒక్కసారే తగిలేసరికి చేతిలో పని అట్లాగే ఆగిపోయింది. శంకరమ్మ పెద్దమ్మ వెనక నిలబడి, “ఏం కలిపినవే అండ్ల?” అని అడిగినట్టే అనిపించింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. అయినా వెనక్కి తిరిగి చూశాను.

శాలిబండలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ ఒకటే గోడ. మాది పాలు పోసే ఇల్లు. దొడ్లో ఏడు బర్రెలు ఉండేవి. వాళ్లది కోమట్ల ఇల్లు. చార్‌కమాన్ దగ్గర పసుపు కుంకుమల దుకాణం ఉండేది. పెద్దమ్మ భర్త పోయాక దుకాణం మరిది చేతికి వచ్చింది, ఆమెకు ఇంటి వెనక గది, ఒక చిన్న అర్ర, మిగిలింది. నాకు ఆమె చుట్టం కాదు, కానీ గల్లీలో పిల్లలందరికీ పెద్దమ్మే. పెద్దవాళ్లు మాత్రం చాటున ‘శక్కు శంకరమ్మ’ అనేవాళ్లు. అంత అనుమానం మనిషి. మా బాపు పోసిన పాలను కూడా గోటి మీద చుక్క వేసి, జారుతుందా నిలుస్తుందా అని చూశాకే లోపలికి తీసుకుపోయేది.

ఒకరోజు బాపుకు కోపమొచ్చింది. “ఏంది వదినా, పదేండ్ల సంది పోస్తున్న. ఇంకా శక్కేనా?”

“పదేండ్ల పాలు సూసిన. ఇయ్యాల్టి పాలు ఇంకా సూడలే కద” అంది ఆమె, గోటి మీది నుంచి కళ్లు తిప్పకుండానే.

ఆ మనిషి చేతికే గల్లీ ఆడవాళ్లంతా తమ ముఖాలూ జుట్లూ అప్పజెప్పేవాళ్లంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తలకు కుంకుడుకాయల పొడి, ఒంటికి సున్నిపిండి, మొటిమలకు ఎర్రచందనం అరగదీసిన లేపనం, అన్నీ ఆ అర్రలోనే తయారయ్యేవి. అవి కావలసిన వాళ్లు వాళ్ల ముందు గుమ్మం నుంచి పోయేవాళ్లు కాదు. మా దొడ్లోంచి, బర్రెల పక్క నుంచి, వెనక తలుపుకు పోయేవాళ్లు. పొద్దున్నే మొగుడు లేని మనిషి ఎదురైందని ముఖం తిప్పుకున్న వాళ్లే మధ్యాహ్నానికి సున్నిపిండి కోసం చెయ్యి చాచేవాళ్లు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె మాత్రం ఒక్క మాట అనేది కాదు. ఎవరికి ఏది ఇచ్చినా ఒకటే షరతు పెట్టేది. ముందు మోచేతి మడతలో రాసుకోవాలి, మూడు రోజులు ఆగాలి, దురద రాకుంటేనే ముఖానికి.

అర్రలో తయారు కానిది కుంకుమ ఒక్కటే. భర్త ఉన్నప్పుడు దుకాణంలో అమ్మిన కుంకుమంతా ఆమె చేసిందేనట. ఆయన పోయిన నాటి నుంచి ఆమె కుంకుమ ముట్టరాదన్నారు. కుంకుమ నానబెట్టే పింగాణీ జాడీని అటక మీద పెట్టేశారు. మరిది బయటి నుంచి కుంకుమ తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు మా అమ్మ నుదుటి మీద దురద మొదలైంది. ముందు చిన్న చిన్న పొక్కులు వచ్చాయి, తర్వాత చర్మం నల్లబడింది, ఆ తర్వాత శనగగింజంత తెల్లమచ్చ తేలింది. అమ్మ ఎవరికీ చెప్పలేదు. మచ్చ కనబడకుండా బొట్టు కొంచెం పెద్దది పెట్టింది. కొన్నాళ్లకు మచ్చ బొట్టును దాటింది. బొట్టు ఇంకా పెద్దదైంది. చూసినవాళ్లు “లక్ష్మీదేవి లెక్క ఉన్నవు” అంటుంటే అమ్మ నవ్వేది, లోపలికి వచ్చి ఏడ్చేది. నేను తలుపు చాటు నుంచి చూశాను.

ఒకనాడు తలంటు పోసుకుని, పాలచెంబుతో దొడ్లోకి పోతున్న అమ్మను నాయనమ్మ చూసింది. బొట్టు లేని నుదురు మీద రూపాయి బిళ్లంత తెలుపు. నాయనమ్మ అమ్మ చేతిలోంచి పాలచెంబు లాక్కుంది.

“ఇగ బర్రె కాడికి పోకు. పాలు ముట్టకు.”

“అత్తా, గది రోగం కాదు...”

“ఏందో నాకెర్క లేదు. పాలు పిండే దానికి మచ్చ లేసిందని ఒక్కలకు తెలిస్తే ఏడు బర్రెల పాలు మోరీల పోసుడే. బోనాలు అయినంక మీ అవ్వగారింటికి పో. తగ్గితే రా.”

తగ్గకపోతే ఏమిటో ఆమె చెప్పలేదు. ఆమె చేతిలోని చెంబు తీసుకుని బాపు బర్రెల దగ్గరికి పోయాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకరినొకరు చూసుకునే తీరే మారిపోయింది. అమ్మ తాగిన గ్లాసు వేరుగా బోర్లించి ఉండేది. నాయనమ్మ నా నుదురు వెలుతురుకు తిప్పి తిప్పి చూసేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అమ్మ దువ్విన దువ్వెనను నేను కూడా కడిగి దువ్వుకున్నాను. ఆ పాపం ఇంకా నన్ను కొరుకుతూనే ఉంది.

పెద్దమ్మకు నేను చెప్పలేదు. మూడు రోజులుగా పాలు బాపు పిండుతున్నాడని ఆమే పసిగట్టింది. నన్ను వెనక తలుపు దగ్గరికి పిలిచి, ఉన్నదంతా చెప్పించుకుని, ఒకటే అడిగింది.

“మచ్చ యాడ్నే? బొట్టు పెట్టే కాడ్నేనా? పాపిట్ల సూసినవా?”

ఇంటికి పోయి, పేలు చూస్తానని అమ్మ తల ఒళ్లో పెట్టుకున్నాను. పాపిట మొదట్లో, కుంకుమ పెట్టే మేర మాత్రమే తెల్లగా ఉంది. మెడ మీద, చేతుల మీద ఏమీ లేదు. వచ్చి చెప్పాను.

“రోగం బొట్టు కొలత వట్టుకొని వస్తాదె?” అంది పెద్దమ్మ. గొంతు తగ్గించి, “మీ ఇంట్ల కుంకుమ మా దుకాణందే కద. చిటికెడు కాయితంల కట్టుకొని రా. ఎవ్వలకు చెప్పకు” అంది.

ఆ చిటికెడును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. “నిమ్మకాయ వాసన లేదు. పసుపు వాసన లేదు. ఇదేం కుంకుమ?” తడి గుడ్డ మీద వేస్తే గులాబీ రంగు నీళ్లలాగా పారింది. అప్పుడు నేను ఊహించని పని చేసింది. అందులోంచి కొంచెం వేలితో తీసి, తన ఎడమ మోచేతి మడతలో రుద్దుకుంది. ఆమె ముట్టరాదన్న కుంకుమ అది. ఆమె కొంగు కప్పుకుని, “ఏంది గట్ల సూస్తున్నవ్? మందు లెక్క అనుకో” అంది.

మూడో రోజుకు ఆ మడతలో పొక్కులు లేచాయి. అచ్చంగా అమ్మకు మొదట లేచినట్టే. వాటిని చూసి ఆమె సంతోషపడింది. ఒళ్లు పొక్కినందుకు సంతోషపడిన మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

“ఇప్పుడు మంచిది చేసి చూపియ్యాలె. లేకుంటే మీ నాయనమ్మ నమ్మది” అంది. ఆమె కుంకుమ చేయరాదు. అందుకని చేతులు నావి, మాట ఆమెది. గుమ్మం అవతల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని చెప్పేది, నేను చేసేదాన్ని. పసుపు కొమ్ములు నలగ్గొట్టి, వెలిగారం, పటిక నూరి, నిమ్మరసంలో కలిపి నానబెట్టాలి. మొదటిసారి ఇత్తడి గిన్నెలో నానబెట్టాను. నాలుగో రోజుకు అది ఆకుపచ్చ బురదైంది. “లోహం ముట్టొద్దంటినా లేదా?” అని అరిచింది. ఆమె అట్లా అననేలేదు. ఆ మాటే నేను అన్నాను. “అనకపోయి ఉంటి. నా మాట గూడ శక్కుతోనే ఇను బిడ్డా” అంది. తను తప్పు చేసి ఉండవచ్చని ఒప్పుకున్న పెద్దమనిషిని అప్పటిదాకా నేను చూసి ఎరగను.

అటక మీది జాడీ దింపాము. రెండోసారి కొమ్ములు నిమ్మరసం తాగి లోపలిదాకా ఎర్రబడ్డాయి. నీడలో ఆరబెట్టి, దంచి, పలచని గుడ్డలో జల్లించాను. అర్రంతా నిమ్మ వాసన. చేతి నిండా కుంకుమతో నిలబడి అమ్మ దగ్గరికి పరుగెత్తబోయాను. పెద్దమ్మ నా జబ్బ పట్టి ఆపింది.

“మంచిగ కనబడుతున్నదని మంచిదైతదా? మూడు దినాలు ఆగు.”

“నా చెయ్యికి పెట్టుకుంట.”

“నీ చెయ్యి వద్దు. నాదుంది కద.” ఈసారి కుడి మోచెయ్యి చాపింది.

మూడు రోజులు గడిచాయి. చర్మం శుభ్రంగా ఉంది. బోనాలకు ఇంకా వారం ఉంది. కుంకుమ భరిణెను నాయనమ్మ ముందు పెట్టాను. ఆమె మూత కూడా తీయలేదు.

“శంకరమ్మ చేసిందా? మొగడు లేని మనిషి చేతి కుంకుమ నా కోడలికి పెట్టాల్నా?”

“చేసింది నేను. ఆమె గుమ్మం గూడ దాటలే.”

“మంచిదో చెడ్డదో ఎట్ల తెలిసె?”

భయంలో నోరు జారాను. “పెద్దమ్మ తన చెయ్యికి పెట్టుకొని సూసింది.”

నాయనమ్మ లేచింది. మా తాత పోయి అప్పటికి ఇరవై ఏళ్లు, ఆమె నుదురూ బోసిదే. ఆ కట్టుబాట్లు ఎవరైనా తప్పితే ఊరుకునే మనిషి కాదు. దొడ్డి దాటి ఆమె విసవిసా పోతుంటే, పెద్దమ్మ కొంప ముంచేశానని ఏడుస్తూ వెనకే పోయాను. మరిదికి తెలిస్తే ఆ అర్ర కూడా మిగలదు.

“చెయ్యి చూపెట్టు” అంది నాయనమ్మ.

పెద్దమ్మ బుకాయించలేదు. ఎడమ చెయ్యి చాపింది. పొక్కులు పగిలి మానుతున్న మచ్చ. “ఇది మా దుకాణంది” అంది. కుడి చెయ్యి చాపింది. మడతలో గుండ్రంగా ఎర్రటి బొట్టు, చుట్టూ నున్నటి చర్మం. “ఇది నీ మనుమరాలిది.”

నాయనమ్మ రెండు చేతులూ మార్చి మార్చి చూసింది. కొట్టేస్తుందనుకున్నాను. ఆమె పెద్దమ్మ కొంగు తీసి ఆ కుడి మోచెయ్యి మీద కప్పింది. “మూసుకో. ఎవ్వలన్న సూస్తరు” అంది.

అమ్మ అవ్వగారింటికి పోలేదు. నెల రోజులు గంధం పెట్టుకుంది, ఆ తర్వాత నేను చేసిన కుంకుమ. మచ్చ నిండడానికి ఏడాది పైనే పట్టింది, కానీ పెరగడం మాత్రం ఆ రోజే ఆగింది. పాలచెంబును నాయనమ్మే అమ్మ చేతికి ఇచ్చింది, మాట్లాడకుండా. మా ఇల్లు కుంకుమ కొనడం మానేసిందని మరిది ఆరా తీస్తూ వచ్చాడు. ఎన్నడూ అబద్ధమాడని నాయనమ్మ, “మా పోరి ఎవలింట్లనో నేర్చుకొచ్చింది భాయ్, పిల్ల ఆట” అని తేలిగ్గా తేల్చేసింది. పెద్దమ్మ మాత్రం, తన చేతి సంగతి ఎత్తకుండా, ఆయన్ని దుకాణంలో అందరి ముందూ అడిగేసింది, “ఏం కలుపుతున్నరు అండ్ల?” అని. రంగుపొడి కలిసిన సరుకు వస్తున్నదని ఆయనకూ తెలియదట. నమ్మి కొన్నాడట. ఆమె ఆ మాట కూడా సగమే నమ్మింది.

అప్పటి నుంచి రెండు నెలలకోసారి కుంకుమ చేసేదాన్ని. ప్రతిసారీ మొదటి చిటికెడు పరీక్ష కోసం పెద్దమ్మకు. ఒక శుక్రవారం పొద్దున పోతే, ఆమె తలంటు పోసుకుని కూర్చుంది. మోచేతి మడతలో బొట్టు ఉంది. నేను కుంకుమ ఇచ్చి నెల దాటింది. పరీక్షకు రుద్దినట్టు లేదు, ఉంగరం వేలితో గుండ్రంగా, దిద్దినట్టు ఉంది.

“పెద్దమ్మా, మూడు దినాలు ఎప్పుడో అయిపాయె కద?”

ఆమె కొంగు లాక్కుంది. “ఇంకొన్ని దినాలు సూద్దాం. నమ్మరాదు” అంది. నా కళ్లలోకి చూడలేదు.

ఆమె నేర్పిన అనుమానం మొదటిసారి ఆమె మీదికే తిరిగింది. నాకు అర్థమైంది. అర్థమైందని ఆమెకు తెలియనివ్వలేదు. ఆ తర్వాత రెండు నెలలు ఆగకుండా, ప్రతి నెలా కొత్త కుంకుమ చేశాను. మా ఇంటికి అంత అవసరం లేదు. కొత్తది ఉంటే పరీక్ష కూడా ఉండాలి కదా. ఆమె బతికున్నంత కాలం ఆ పరీక్ష ముగియలేదు.

ఎవరు ఏ మాట చెప్పినా, ఏ సీసా చేతికిచ్చినా, మూడు రోజులు ఆగి నమ్మడం నాకు అట్లా అలవాటైంది. కుంకుమ చేయడం కూడా మానలేదు. మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. “ఇంకెవరి కోసం అమ్మమ్మా ఈ శ్రమ, దుకాణంలో దొరకదా?” అని మనవరాలు విసుక్కుంటుంది. నిన్న ఆ గుడ్డ ఉతకడానికి రవిక చేతులు పైకి మడుచుకుంటే, నా కుడి మోచెయ్యి మనవరాలి కంటబడింది.

“ఇదేంది అమ్మమ్మా, చెయ్యి మీద కుంకుమ?”

“కొత్తది బిడ్డా” అన్నాను, కొంగు కప్పుకుంటూ. “ఇంకొన్ని దినాలు సూద్దాం. నమ్మరాదు.”