కాశీలో నోరు జారాను

పాతికేళ్లుగా తెనాలిలో పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. సరైన క్షణం కెమెరాకి అందకపోతే పెళ్లికొడుకు చేత మళ్లీ తలంబ్రాలు పోయించడం మాకు మామూలే.

కిందటేడు మా ఆవిడతో కాశీ వెళ్లాను. ఘాట్ల మీద స్నానాలు, పూజలు, టీకొట్లు, కనిపించినవన్నీ తీశాను. ఒకరోజు పొద్దున్నే మేం పడవలో తిరుగుతుంటే, పక్క పడవలో ఒక పెద్దాయన మట్టికుండలోని అస్థికలు గంగలో కలపబోతున్నాడు. తీయవచ్చా అన్నట్టు కెమెరా చూపిస్తే తలూపాడు. వెలుగు సరిచూసుకుని నేను నొక్కేలోపే కుండ ఖాళీ అయిపోయింది.

"సార్, ఇంకోసారి! కొంచెం మెల్లగా, ఇటు చూస్తూ..." అనేశాను, అలవాటుకొద్దీ తెలుగులోనే.

ఆయన నా వైపు తిరిగాడు.

"మాది రేపల్లె నాయనా. మా అమ్మని ఇంకోసారి ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?" అన్నాడు, గొంతు పెంచకుండానే.

మా ఆవిడ నా చేతిలోంచి కెమెరా తీసుకుని సంచిలో పెట్టేసింది. తెనాలిలో రైలు దిగేదాకా నేను అడగలేదు.

ఇప్పుడు తలంబ్రాల ఫొటో తప్పిపోయినా మళ్లీ పోయమనను. ఆల్బంలో అది లేదేంటని అడిగితే, నేనే ఆలస్యం చేశానండి అని చెబుతాను.